ప్రివాక్సీయా, పై-హోలా, యూబ్లాకా? ఇంట్లో వెబ్ ఫిల్టర్ ఎంచుకునే ముందు

ప్రకటనల్నీ, వెంటపడే ట్రాకర్లనీ ఆపాలని వెతకడం మొదలుపెడితే నాలుగు రకాల సలహాలు వినిపిస్తాయి. ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ (సైటు పేరుకి అడ్రస్ వెతికిచ్చే సర్వర్) మార్చుకోమని ఒకరంటారు. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే చాలని ఇంకొకరంటారు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కొని, ఇల్లంతటికీ డీఎన్ఎస్ ఫిల్టర్‌గా పై-హోల్ పెట్టమనేవాళ్ళున్నారు. లినక్స్ అలవాటున్నవాళ్ళు ప్రివాక్సీ అనే ప్రాక్సీ (బ్రౌజర్‌కీ సైటుకీ మధ్య నిలబడే సాఫ్ట్‌వేర్) పేరు చెబుతారు. ఎవరి మాటా తప్పు కాదు. కాకపోతే ఈ నాలుగూ నాలుగు వేర్వేరు చోట్ల కూర్చుని పనిచేస్తాయి. కూర్చున్న చోటుని బట్టే దేనికి ఏం కనిపిస్తుంది, ఏది ఆపగలదు, ఏది చెడగొడుతుంది అన్నది తేలుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చాలా ఇళ్ళకి బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్, ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ సరిపోతాయి. ఇంట్లో స్మార్ట్ టీవీ, పిల్లల ట్యాబ్ లాంటివి ఎక్కువుంటే పై-హోల్ గురించి ఆలోచించవచ్చు. ప్రివాక్సీ నాకు చాలా ఇష్టమైన సాఫ్ట్‌వేర్, అయినా అడిగిన ప్రతివాళ్ళకీ దాన్ని చెప్పను. దాని సెటప్‌లోనూ రిపేర్‌లోనూ తెలియాల్సినవి ఎక్కువ కాబట్టి ఇక్కడ దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

## ముందు తేల్చుకోవాల్సినవి

ఎంతవరకు చూడగలదు? అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే. ప్రివాక్సీ మూడో వెర్షన్ వచ్చిన 2002 ప్రాంతంలో చాలా సైట్లు మామూలు హెచ్‌టీటీపీ మీదే నడిచేవి. మధ్యలో కూర్చున్న ప్రాక్సీకి పేజీ మొత్తం కనిపించేది. కుకీ తీసేయొచ్చు, స్క్రిప్ట్ కోసేయొచ్చు, బొమ్మ మార్చేయొచ్చు. ఇప్పుడు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్. బ్రౌజర్ ప్రాక్సీ దగ్గరికొచ్చి "ఫలానా సైటుకి కనెక్షన్ ఇవ్వు" అని మాత్రమే అడుగుతుంది. ఆ తరవాత నడిచేదంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. అంటే ప్రాక్సీకి సైటు పేరు తెలుస్తుంది, ఆ సైటులో మీరు ఏ పేజీ చూస్తున్నారో తెలియదు. డీఎన్ఎస్ ఫిల్టర్‌కి కూడా అంతే, పేరు తప్ప ఇంకేమీ తెలియదు. ఎక్స్‌టెన్షన్ ఒక్కటే బ్రౌజర్ లోపల ఉంటుంది కాబట్టి తాళం తీశాక పేజీని మనం చూసినట్టే చూస్తుంది.

యూట్యూబ్ ప్రకటనల్ని పై-హోల్ ఎందుకు ఆపలేదని చాలామంది అడుగుతారు. కారణం ఇదే. ప్రకటన, అసలు వీడియో ఒకే రకం సర్వర్ల నుంచి వస్తాయి. పేరు చూసి ఆపితే వీడియో కూడా ఆగిపోతుంది.

ఏ పరికరాలకు వర్తిస్తుంది? ఎక్స్‌టెన్షన్ ఆ బ్రౌజర్‌కే. ఫోన్‌లోని యాప్‌ల మీద, టీవీ మీద దానికి అధికారం లేదు. ఇంటి వైఫైలో పెట్టిన ఫిల్టర్ టీవీకీ పనిచేస్తుంది, కానీ మీరు గడప దాటి మొబైల్ డేటాలోకి వెళ్ళగానే వదిలేస్తుంది.

మీ బ్రౌజింగ్ చిట్టా ఎవరి చేతిలో ఉంటుంది? ఏ దారి ఎంచుకున్నా మీరు చూసే సైట్ల పేర్లు ఎవరో ఒకరికి తెలుస్తాయి. ప్రైవేట్ డీఎన్ఎస్‌లో ఆ కంపెనీకి. పై-హోల్‌లో ఇంట్లోని ఆ పెట్టెకి, దాని వెనక మీరు పెట్టుకున్న డీఎన్ఎస్ సర్వర్‌కి. ప్రివాక్సీలో మీ సొంత కంప్యూటర్‌కి, అది వాడే డీఎన్ఎస్ సర్వర్‌కి. ఇంకో మాట, వీటిలో ఏదీ వీపీఎన్ కాదు. మీ ఐపీ అడ్రస్‌ని ఏదీ దాచదు. మీరు వెళ్ళిన సైటుకి అది కనిపిస్తూనే ఉంటుంది. దీన్ని తెలియక "ప్రివాక్సీ పెట్టాను, నన్నెవరూ కనిపెట్టలేరు" అనుకోవడం ప్రమాదం.

చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? ఈ ప్రశ్నని ఎవరూ అడగరు, అందరూ బాధపడేది మాత్రం ఇక్కడే. ప్రతి ఫిల్టరూ ఎప్పుడో ఒకప్పుడు పనికొచ్చేదాన్ని కూడా ఆపేస్తుంది. టికెట్ బుక్ చేస్తుండగా పేమెంట్ పేజీ తెల్లగా నిలిచిపోతుంది. వాట్సాప్‌లో వచ్చిన షాపింగ్ లింక్ తెరుచుకోదు. గూగుల్‌లో వెతికితే పైన వచ్చే స్పాన్సర్డ్ ఫలితం నొక్కినా ఏమీ రాదు, ఎందుకంటే ఆ నొక్కు ముందు గూగుల్ ప్రకటనల సర్వర్‌కి వెళ్తుంది, దాన్ని మీ ఫిల్టర్ ఆపేసింది. మీకు ఇది అర్థమవుతుంది. ఊళ్ళో ఉన్న అమ్మకి మాత్రం "నెట్ రావట్లేదురా" అని మాత్రమే తెలుస్తుంది. మీరు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటే ఫోన్‌లో ఎలా సరిచేయిస్తారో ముందే ఆలోచించుకోవాలి.

## ఒక్క చూపులో

| | ప్రైవేట్ డీఎన్ఎస్ | యూబ్లాక్ ఆరిజిన్ | పై-హోల్, ఆడ్‌గార్డ్ హోమ్ | ప్రివాక్సీ |
|---|---|---|---|---|
| ఎక్కడ ఉంటుంది | ఫోన్ సెట్టింగ్, బయటి సర్వర్ | బ్రౌజర్ లోపల | ఇంటి నెట్‌వర్క్‌లో | మీ కంప్యూటర్‌లో, లేదా ఇంటి సర్వర్‌లో |
| ఏం కనిపిస్తుంది | సైటు పేరు | పేజీ మొత్తం | సైటు పేరు | హెచ్‌టీటీపీఎస్‌లో పేరు మాత్రమే. సర్టిఫికెట్ పెడితే మొత్తం |
| యాప్‌లలో ప్రకటనలు | చాలావరకు ఆగుతాయి | ఆగవు | చాలావరకు ఆగుతాయి | యాప్ ప్రాక్సీని పట్టించుకుంటేనే |
| స్మార్ట్ టీవీ | కొన్నిటిలోనే | లేదు | పనిచేస్తుంది | దాదాపు లేదు |
| ఇంటి బయట | పనిచేస్తుంది | పనిచేస్తుంది | పనిచేయదు | ల్యాప్‌టాప్‌లోనే ఉంటే పనిచేస్తుంది |
| పెట్టడానికి పట్టేది | రెండు నిమిషాలు | రెండు నిమిషాలు | ఒక సాయంత్రం | ఒక సాయంత్రం, తరవాత అప్పుడప్పుడూ |
| ఆగితే | ఆ ఫోన్‌కి నెట్ పోతుంది | ఏమీ కాదు | ఇల్లంతా నెట్ పోతుంది | ఆ ప్రాక్సీ వాడేవాళ్ళకి పోతుంది |

## ప్రైవేట్ డీఎన్ఎస్: తక్కువ శ్రమ, తక్కువ పట్టు

ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్‌లోనే ఈ సెట్టింగ్ ఉంది. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ దగ్గర ప్రకటనల్ని ఆపే సర్వర్ పేరు టైప్ చేస్తే చాలు. ఆడ్‌గార్డ్ డీఎన్ఎస్ ఉచితం. నెక్స్ట్ డీఎన్ఎస్‌లో మీ సొంత జాబితాలు పెట్టుకోవచ్చు, నెలకి 3,00,000 ప్రశ్నల వరకు ఉచితం. ఆ లెక్క దాటాక నెట్ ఆగదు, ఫిల్టరింగ్ మాత్రం ఆగిపోతుంది. "మొన్నటిదాకా బాగానే ఉంది, నెలాఖరులో ప్రకటనలు మళ్ళీ వస్తున్నాయి" అనిపిస్తే ముందు చూడాల్సింది అదే.

దీనితో వచ్చే తలనొప్పి ఒక్కటే. రైల్వే స్టేషన్, హోటల్ వైఫైలలో కొన్ని చోట్ల ప్రైవేట్ డీఎన్ఎస్ వాడే 853 పోర్ట్‌ని మూసేస్తారు. అప్పుడు "ప్రైవేట్ డీఎన్ఎస్ సర్వర్ అందుబాటులో లేదు" అని వచ్చి నెట్ మొత్తం ఆగిపోతుంది, ఓటీపీ అడిగే లాగిన్ పేజీ కూడా రాకపోవచ్చు. సెట్టింగ్‌ని కాసేపు "ఆటోమేటిక్" చేసి, పని అయ్యాక మళ్ళీ పెట్టుకోవాలి. పెద్దవాళ్ళ ఫోన్‌లో ఇది పెడుతుంటే ఆ ఒక్క మెట్టూ వాళ్ళ చేత ఒకసారి చేయించి చూపించండి.

## యూబ్లాక్ ఆరిజిన్: బ్రౌజర్‌కి దీన్ని మించింది లేదు

రేమండ్ హిల్ రాసిన ఈ ఎక్స్‌టెన్షన్ ఉచితం, ఓపెన్ సోర్స్. పేజీ లోపలి నుంచి చూస్తుంది కాబట్టి యూట్యూబ్ ప్రకటనల్ని, పేజీలో మిగిలిన ఖాళీ పెట్టెల్ని కూడా తీయగలదు. ఏదైనా సైటు చెడితే దాని బొమ్మ నొక్కి, పెద్ద పవర్ గుర్తు నొక్కితే ఆ సైటు వరకు ఆగుతుంది. ఇంట్లో ఎవరికైనా రెండు నిమిషాల్లో నేర్పొచ్చు. "చెడిపోతే ఎవరు బాగుచేస్తారు" అన్న ప్రశ్నకి ఇంత మంచి సమాధానం మిగతా మూడింటిలో దేని దగ్గరా లేదు.

మీరు క్రోమ్ వాడేవాళ్ళయితే ఒక సంగతి. పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లను క్రోమ్ 2024, 2025లలో ఆపేసింది. అందులో ఇప్పుడు దొరికేది యూబ్లాక్ ఆరిజిన్ లైట్. అదీ బాగానే పనిచేస్తుంది కానీ పూర్తి బలం లేదు. పూర్తిది కావాలంటే ఫైర్‌ఫాక్స్‌కి మారాలి, ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా ఫైర్‌ఫాక్స్‌లో ఇది వేసుకోవచ్చు. ఫోన్‌లోని క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లకి చోటే లేదు.

రెండు మూడు యాడ్ బ్లాకర్లు ఒకేసారి వేసుకోవద్దు. ఒకదాని పని ఇంకొకటి చెడగొడుతుంది, సైటు ఆగితే ఎవరి వల్లో తేల్చుకోలేరు.

## పై-హోల్, ఆడ్‌గార్డ్ హోమ్: ఇల్లంతటికీ ఒకే కాపలా

రెండూ చేసే పని ఒకటే. ఇంట్లోని ప్రతి పరికరం "ఈ పేరుకి అడ్రస్ ఏమిటి" అని అడిగినప్పుడు, ఆ పేరు జాబితాలో ఉంటే తప్పుడు సమాధానం ఇచ్చి అక్కడితో ఆపేస్తాయి. పై-హోల్‌కి 512 ఎంబీ ర్యామ్ చాలు, పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. ఆడ్‌గార్డ్ హోమ్‌లో ఎన్‌క్రిప్టెడ్ డీఎన్ఎస్, పిల్లల పరికరాలకి సేఫ్ సెర్చ్ మొదటి నుంచీ లోపలే ఉన్నాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను ఆడ్‌గార్డ్ హోమే చెబుతాను. సాయం చేసేవాళ్ళు, రాతలు ఎక్కువ దొరకాలంటే పై-హోల్.

పెట్టాక పనిచేయకపోతే కారణం దాదాపు ఎప్పుడూ ఈ నాలుగింటిలో ఒకటి.

రూటర్‌లో రెండో డీఎన్ఎస్‌గా గూగుల్ 8.8.8.8 ఇవ్వడం. "మొదటిది ఆగితే ఇది ఉంటుంది" అని అందరూ అనుకుంటారు, పరికరాలు అలా వాడవు. ఎప్పుడు ఏది అడగాలో వాటి ఇష్టం. ఫలితంగా సగం ప్రకటనలు వస్తూనే ఉంటాయి. రెండో గడి ఖాళీగా వదిలేయాలి, లేదా రెండోచోట కూడా పై-హోలే పెట్టాలి.

ఐపీవీ6, అంటే కొత్త తరం ఐపీ అడ్రస్‌లు. మన దేశంలో దీని వాడకం చాలా ఎక్కువ. రూటర్ ఐపీవీ4లో పై-హోల్ పేరు చెప్పి, ఐపీవీ6లో తన సొంత డీఎన్ఎస్‌ని ప్రకటిస్తుంటే ఫోన్లు రెండో దారిలో వెళ్ళిపోతాయి. పై-హోల్ క్వెరీ లాగ్‌లో మీ ఫోన్ పేరు అసలు కనిపించకపోతే ముందు దీన్నే అనుమానించండి.

ఫోన్‌లో ముందే పెట్టుకున్న ప్రైవేట్ డీఎన్ఎస్, బ్రౌజర్‌లోని సెక్యూర్ డీఎన్ఎస్. ఇవి పై-హోల్‌ని దాటేసి నేరుగా బయటికి వెళ్తాయి. కొన్ని టీవీ పరికరాల్లో డీఎన్ఎస్ అడ్రస్ లోపలే బిగించి ఉంటుంది, మీరు రూటర్‌లో ఏం పెట్టినా వినవు.

ఉబుంటు మీద డీఎన్ఎస్ వాడే 53 పోర్ట్ ఖాళీ లేకపోవడం. సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ అనే సర్వీస్ ముందే అక్కడ కూర్చుని ఉంటుంది. దాని స్టబ్ లిజనర్‌ని ఆపితే చోటు దొరుకుతుంది.

ఇవి కాక ఇంకొకటుంది. కనెక్షన్‌తో పాటు ఇచ్చే కొన్ని రూటర్లలో డీఎన్ఎస్ మార్చనివ్వరు. అప్పుడు రూటర్‌లో డీహెచ్‌సీపీ (పరికరాలకి ఐపీ అడ్రస్‌లు పంచే పని) ఆపి, ఆ పనిని పై-హోల్‌కే అప్పగించాలి. ఇంకా ముఖ్యం, కరెంటు. మాటిమాటికీ కరెంటు పోయే చోట రాస్ప్‌బెర్రీ పై మెమరీ కార్డు పాడవుతుంది, ఇల్లంతా నెట్ పోతుంది. రూటర్‌ని ఇన్వర్టర్ మీద పెట్టినవాళ్ళు ఆ పెట్టెని కూడా దాని మీదే పెట్టాలి. లేదంటే కరెంటు లేనంతసేపూ రూటర్ వెలుగుతూ ఉంటుంది, నెట్ మాత్రం రాదు.

## ప్రివాక్సీ: ఎక్కువ చేయగలదు, ఎక్కువ అడుగుతుంది

ఇంటర్నెట్ జంక్‌బస్టర్ అనే పాత ప్రాక్సీ నుంచి పుట్టింది ప్రివాక్సీ. పేజీలు దాచుకోదు, కాబట్టి నెట్ వేగం పెంచుతుందని ఆశించకూడదు. దీని గొప్పతనం నియమాల్లో ఉంది. ఏ సైటుకి ఏ హెడర్ (అభ్యర్థనతో పాటు వెళ్ళే వివరాలు) పంపాలి, ఏ కుకీ ఆపాలి, పేజీలో ఏ ముక్క కోయాలి అన్నది సైటు సైటుకీ మీరే రాసుకోవచ్చు. బ్రౌజర్ కాని సాఫ్ట్‌వేర్‌కి కూడా, ప్రాక్సీ పెట్టుకునే వీలుంటే, ఇది పనిచేస్తుంది. ఎక్స్‌టెన్షన్‌కి అది సాధ్యం కాదు.

డెబియన్, ఉబుంటులలో ప్యాకేజీగా దొరుకుతుంది, విండోస్‌కి ఇన్‌స్టాలర్ ఉంది. వేసుకున్నాక అది 127.0.0.1 మీద 8118 పోర్ట్‌లో వింటూ ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో మాన్యువల్ ప్రాక్సీ ఎంచుకుని ఆ అడ్రస్, ఆ పోర్ట్ ఇచ్చి, హెచ్‌టీటీపీఎస్‌కి కూడా ఇదే వాడమన్న గడిలో టిక్ పెట్టాలి. ఆ టిక్ మరిచిపోతే ప్రివాక్సీ నడుస్తూనే ఉంటుంది, మీ ట్రాఫిక్‌లో దాదాపు ఏదీ దాని గుండా వెళ్ళదు.

తరవాత అడ్రస్ గడిలో మామూలు హెచ్‌టీటీపీతో "పి.పి" (ఇంగ్లీషు అక్షరాల్లో http://p.p) అన్న చిన్న చిరునామా తెరవండి. ప్రివాక్సీ సొంత పేజీ వస్తే అంతా సరిగ్గా ఉన్నట్టు. సైట్ దొరకలేదని వస్తే బ్రౌజర్ ప్రాక్సీ గుండా పోవడం లేదు. ప్రాక్సీ తిరస్కరిస్తోందని వస్తే ప్రివాక్సీ నడవడం లేదు. ఈ ఒక్క పరీక్షతో సగం సమస్యలు ఎక్కడున్నాయో తేలిపోతుంది.

(ఫైళ్ళలోని పేర్లని ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను, అసలు ఫైల్లో అవి ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి.)

సొంత నియమాలన్నీ యూజర్.యాక్షన్ ఫైల్లోనే రాయాలి. డిఫాల్ట్.యాక్షన్‌లో రాస్తే తరవాతి అప్‌డేట్‌లో అవి కొట్టుకుపోతాయి. ప్రివాక్సీ ముందు మ్యాచ్-ఆల్, తరవాత డిఫాల్ట్, చివర యూజర్ ఫైల్ చదువుతుంది. ఆఖరున చెప్పిందే నిలుస్తుంది, కాబట్టి మీ మాటే పైచేయి. ఒక సైటుని వదిలేయాలంటే బ్రాకెట్లలో మైనస్ బ్లాక్ అని రాసి, కింద వరుసలో ముందు చుక్క పెట్టి సైటు పేరు రాయాలి. ఆ చుక్క ఉంటే దాని కింది సబ్‌డొమైన్లన్నీ కలిసొస్తాయి. సైటు పేరు ముందు హెచ్‌టీటీపీ అని రాయకూడదు, రాస్తే ఆ నియమం దేనికీ అతకదు. నియమం రాశాం కానీ పనిచేయట్లేదు అన్నప్పుడు ఎక్కువసార్లు బయటపడేది ఇదే. సైటు మరీ సున్నితంగా ఉంటే "ఫ్రాజైల్" అనే సిద్ధంగా ఉన్న పేరు కింద దాన్ని చేర్చండి, ముఖ్యమైన వడపోతలు ఆ సైటుకి ఆగిపోతాయి. ఈ ఫైళ్ళు మార్చాక ప్రివాక్సీని ఆపి మళ్ళీ మొదలుపెట్టనక్కర్లేదు, మార్పుని అదే గమనిస్తుంది.

### ఏదో ఆగింది. ఎవరు ఆపారు?

మామూలు హెచ్‌టీటీపీ సైటుని ఆపితే ప్రివాక్సీ తన పేజీ చూపించి, ఎందుకు ఆపిందో చెప్పే లింక్ ఇస్తుంది. హెచ్‌టీటీపీఎస్ సైటుని ఆపితే ఆ పేజీ రాదు. దారే ఇవ్వలేదు కాబట్టి బ్రౌజర్ తన సొంత ఎర్రర్ చూపిస్తుంది, క్రోమ్‌లో అయితే టనెల్ కనెక్షన్ ఫెయిల్డ్ అని. కొత్తవాళ్ళు దాన్ని చూసి ప్రివాక్సీ పాడైందనో నెట్ పోయిందనో అనుకుంటారు. మిగతా సైట్లు వస్తూ అదొక్కటే రాకపోతే ముందు నియమాన్ని అనుమానించాలి.

తేల్చుకోవడానికి రెండు దారులున్నాయి. పి.పి పేజీలో "ఈ చిరునామాకి ఏ నియమాలు వర్తిస్తాయి" అని చూసే చోటు ఉంది. రాని సైటు చిరునామా అక్కడ ఇస్తే ఏ ఫైల్లో ఏ నియమం తగిలిందో వరుసగా చూపిస్తుంది. రెండోది లాగ్. కాన్ఫిగ్ ఫైల్లో డీబగ్ 1, డీబగ్ 1024 అన్న వరుసల ముందున్న # గుర్తు తీసేయండి. మొదటిది వెళ్ళిన ప్రతి అభ్యర్థననీ, రెండోది ఆపినవాటిని కారణంతో సహా రాస్తుంది. ఒక పేజీ సరిగ్గా రాకపోతే లాగ్ తెరిచి ఉంచి ఆ పేజీని మళ్ళీ లోడ్ చేయండి. చాలాసార్లు ఆగింది ఆ సైటు కాదని, అది వాడుకునే ఇంకో సర్వర్ అని తెలుస్తుంది. పని అయ్యాక ఆ గుర్తులు తిరిగి పెట్టేయాలి. మీరు చూసిన సైట్ల చిట్టా ఒక ఫైల్లో పేరుకుపోతుంటే ప్రైవసీ కోసం ఇదంతా పెట్టుకుని అసలుకే ఎసరు తెచ్చుకున్నట్టు.

సర్వీసే మొదలవకపోతే కాన్ఫిగ్‌లో లిజన్-అడ్రస్ వరుసలు చూడండి. డెబియన్‌లో ఐపీవీ4తో పాటు ::1 అన్న ఐపీవీ6 వరుస కూడా ఉంటుంది. సిస్టమ్‌లో ఐపీవీ6 ఆపేసి ఉంటే ఆ వరుస దగ్గర ప్రివాక్సీ నిలిచిపోతుంది. ఆ వరుస తీసేస్తే సరిపోతుంది. ఇంట్లో అందరికీ ఇవ్వాలని 192.168.1.5 లాంటి అడ్రస్ పెట్టి ఉంటే, రూటర్ మీ కంప్యూటర్‌కి వేరే ఐపీ ఇచ్చిన రోజు ఇది మళ్ళీ లేవదు. రూటర్‌లో ఆ ఐపీని స్థిరం చేయాలి. ఇంటివాళ్ళకి మాత్రమే తెరవడానికి పర్మిట్-యాక్సెస్ వరుసలో 192.168.1.0/24 ఇవ్వండి. అన్ని అడ్రస్‌ల మీదా వినమని పెట్టి, రూటర్‌లో పోర్ట్ కూడా తెరిచారంటే మీ కనెక్షన్‌ని ఊరూ పేరూ తెలియనివాళ్ళు వాడుకుంటారు. వాళ్ళు చేసే పనులు మీ పేరు మీద నమోదవుతాయి.

ఇంట్లో అందరికీ అన్నాను కానీ ఫోన్ల విషయంలో పెద్ద ఆశ పెట్టుకోవద్దు. ఆండ్రాయిడ్ వైఫై సెట్టింగ్‌లో ప్రాక్సీ ఇచ్చేటప్పుడే, దీన్ని బ్రౌజర్ వాడుతుంది కానీ ఇతర యాప్‌లు వాడకపోవచ్చని అదే చెబుతుంది. ఫోన్ యాప్‌లలో ప్రకటనలు ఆపడం మీ లక్ష్యమైతే ప్రివాక్సీ దారి కాదు.

పేజీలు నెమ్మదిగా తెరుచుకుంటుంటే కారణం ఫిల్టర్లు కావచ్చు. పేజీలో ముక్కలు కోయాలంటే ప్రివాక్సీ ముందు మొత్తం పేజీని తెచ్చుకుని, కోసి, అప్పుడు పంపిస్తుంది. అందుకే కాస్త కాస్తగా రాకుండా ఒక్కసారిగా వచ్చినట్టు ఉంటుంది. ఆ సైటుకి ఫిల్టర్ ఆపి చూడండి.

ఐపీ అడ్రస్‌ని దాచే టోర్ నెట్‌వర్క్‌తో కలిపేవాళ్ళకి ఒక్క మాట. ఫార్వర్డ్-సాక్స్5టీ వరుసలో 127.0.0.1:9050 తరవాత ఒక ఖాళీ వదిలి చివర ఒక చుక్క ఉండాలి. ఆ చుక్క లేకపోతే వరుస చెల్లదు. కంటికి ఆనని గుర్తు కాబట్టి కాపీ చేసేటప్పుడు తరచూ రాలిపోతుంది. బ్రౌజింగ్ కోసమే అయితే ఈ కలపడం అవసరం లేదు, టోర్ బ్రౌజర్ ఒక్కటే వాడటం మంచిది.

### హెచ్‌టీటీపీఎస్ లోపలికి చూడాలా?

2020లో వచ్చిన 3.0.29 నుంచి ప్రివాక్సీకి హెచ్‌టీటీపీఎస్ తెరిచి చూసే శక్తి వచ్చింది. మీ సొంత సర్టిఫికెట్ అథారిటీ (సైట్ల గుర్తింపుకి హామీ ఇచ్చేది) ఒకటి తయారుచేసి, దాన్ని బ్రౌజర్‌కి నమ్మకమైనదిగా చూపిస్తారు. అప్పుడు ప్రివాక్సీ ప్రతి సైటుకీ అప్పటికప్పుడు ఒక సర్టిఫికెట్ పుట్టించి మధ్యలో నిలబడుతుంది. హెడర్లు, కుకీలు, పేజీ ముక్కలు అన్నీ మళ్ళీ దాని చేతికి వస్తాయి.

ఇది చిన్న నిర్ణయం కాదు. బ్రౌజర్‌కి అసలు సైటు సర్టిఫికెట్ కనిపించదు, దాన్ని సరిచూసే బాధ్యత ప్రివాక్సీది. మీ అథారిటీ ప్రైవేట్ కీ ఎవరి చేతికైనా చిక్కితే వాళ్ళు మీ బ్రౌజర్ ముందు ఏ సైటులాగైనా నటించగలరు. అందుకే ఇది మీరొక్కరే వాడే కంప్యూటర్‌లో, మీరు ఎంచుకున్న కొద్ది సైట్లకే పెట్టాలని నా గట్టి అభిప్రాయం. బ్యాంకు, ఇన్‌కం ట్యాక్స్, డిజీలాకర్ లాంటివి ఆ జాబితాలోకి రాకూడదు. ఇంట్లో మిగతావాళ్ళ ఫోన్లలో ఈ సర్టిఫికెట్ ఎక్కించడమంటే వాళ్ళు చదివేదంతా మీ కంప్యూటర్‌లో విప్పి చూడటమే. వాళ్ళకి చెప్పకుండా చేయడం తప్పు. చెప్పి చేసినా పెద్ద లాభం ఉండదు, ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్‌లు మనం ఎక్కించిన సర్టిఫికెట్లని మామూలుగా నమ్మవు.

పెట్టాక చిక్కులొస్తే ఈ వరుసలో చూడండి. పి.పిలోని స్టేటస్ పేజీలో మీ ప్రివాక్సీ హెచ్‌టీటీపీఎస్ ఇన్‌స్పెక్షన్‌తో తయారైందో లేదో ఉంటుంది. లేకపోతే ఎంత కాన్ఫిగర్ చేసినా ఫలితం ఉండదు. బ్రౌజర్ సర్టిఫికెట్ ఎర్రర్ చూపిస్తే మీ అథారిటీ దానిలో ఎక్కలేదు. ఫైర్‌ఫాక్స్‌కి సొంత సర్టిఫికెట్ల జాబితా ఉంటుంది కాబట్టి సిస్టమ్‌లో ఎక్కించినా అందులో విడిగా ఎక్కించాల్సి రావచ్చు. బ్రౌజర్ ఒప్పుకున్నా ప్రివాక్సీయే సైట్లని నమ్మకపోతే, ట్రస్టెడ్-సీఏఎస్-ఫైల్ లేదు లేదా మరీ పాతది. అథారిటీని మార్చి కొత్తది చేసుకున్నప్పుడు సర్టిఫికెట్ డైరెక్టరీలో పాత ఫైళ్ళు మిగిలిపోతాయి. ప్రివాక్సీ వాటిని తనంతట తాను తీసేయదు, మీరే ఖాళీ చేయాలి.

## మీరు ఏ కోవకి చెందుతారు?

ఊళ్ళో అమ్మానాన్నల ఫోన్, మీరు దూరంలో: ప్రైవేట్ డీఎన్ఎస్, అదీ మరీ కఠినంగా లేని జాబితాతో. నాలుగు ప్రకటనలు ఎక్కువ కనిపించినా పరవాలేదు, కరెంటు బిల్లు కట్టే పేజీ ఆగకూడదు. ఆఫ్ చేసే పద్ధతి ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చి రండి.

హాస్టల్ వైఫైలో ల్యాప్‌టాప్: ఫైర్‌ఫాక్స్, యూబ్లాక్ ఆరిజిన్. నెట్‌వర్క్ మీది కాదు కాబట్టి అంతకు మించి అక్కర్లేదు. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ప్రాక్సీ, డీఎన్ఎస్ సెట్టింగ్‌లు ముట్టుకునే ముందు ఐటీ వాళ్ళని అడగండి.

స్మార్ట్ టీవీ, పిల్లలు, ఆరేడు పరికరాలు, ఇంట్లోనే ఉండే ఒక టెక్నికల్ మనిషి: ఆడ్‌గార్డ్ హోమ్ లేదా పై-హోల్, దానికి తోడు కంప్యూటర్లలో యూబ్లాక్. ఆ టెక్నికల్ మనిషి నెలకి ఇరవై రోజులు ఊళ్ళు తిరిగే ఉద్యోగంలో ఉంటే ఇది పెట్టవద్దు. ఆయన లేనప్పుడు ఆ పెట్టె ఆగితే ఇంట్లోవాళ్ళకి రూటర్‌లో డీఎన్ఎస్ మార్చడం తెలియదు.

ఏ సైటుకి ఏ హెడర్ వెళ్తోందో స్వయంగా చూసుకోవాలనుకునేవాళ్ళు, బ్రౌజర్ కాని సాఫ్ట్‌వేర్‌ని కూడా అదుపులో పెట్టాలనుకునేవాళ్ళు: ప్రివాక్సీ. లాగ్ చదవడం విసుగు కాకూడదు. మొదటి నెల హెచ్‌టీటీపీఎస్ ఇన్‌స్పెక్షన్ జోలికి వెళ్ళకుండా పేర్ల మీద నియమాలతోనే నడపండి. బ్రౌజర్‌లో యూబ్లాక్ ఉంచుకోండి, రెండూ వేర్వేరు చోట్ల పనిచేస్తాయి కాబట్టి గొడవ పడవు. ఏదైనా ఆగినప్పుడు మాత్రం ముందు యూబ్లాక్ ఆపి చూడండి, అది నొక్కు దూరంలో ఉంటుంది. తరవాత ప్రివాక్సీ లాగ్ తెరవండి.

చిన్న ఆఫీసు, ట్యూషన్ సెంటర్: పది మంది వాడే చోట ప్రివాక్సీని ఒకరి కంప్యూటర్‌లో నడపకండి, ఆ కంప్యూటర్ కట్టేసిన రోజు అందరికీ పని ఆగిపోతుంది. డీఎన్ఎస్ ఫిల్టర్ చాలు. లాగ్‌లో ఎవరి బ్రౌజింగ్ నమోదవుతోందో అక్కడి వాళ్ళందరికీ ముందే చెప్పండి.

పెట్టి చూసి ప్రివాక్సీ వద్దనుకుంటే తీసేసే వరుస కూడా ముఖ్యం. ముందు బ్రౌజర్‌లో, సిస్టమ్‌లో ప్రాక్సీ సెట్టింగ్ తీసేయండి, ఆ తరవాతే ప్రోగ్రామ్‌ని తొలగించండి. తలకిందులుగా చేస్తే ఏ సైటూ రాదు. హెచ్‌టీటీపీఎస్ ఇన్‌స్పెక్షన్ వాడి ఉంటే బ్రౌజర్‌లోనూ సిస్టమ్‌లోనూ ఎక్కించిన మీ సర్టిఫికెట్ అథారిటీని వెతికి తీసేయండి, దాని ప్రైవేట్ కీ ఫైల్‌ని, దాని బ్యాకప్‌లతో సహా, చెరిపేయండి. ప్రోగ్రామ్ పోయినా ఆ నమ్మకం బ్రౌజర్‌లో అలాగే ఉండిపోతుంది.